ఒసీనొవ్కా తాలూకా పిల్ల

దోహా, ఉమ్ ఘువైలినా
జనవరి 10, 2025

అన్నయ్యకు కమల నమస్కారాలు.

నీ చెవులు మొరాయించాక మనకు మళ్ళీ ఉత్తరాల రోజులు వచ్చాయి. ఫోనులో నేను గొంతు చించుకోవడం, నువ్వు దేనికైనా సరే 'ఆఁ, బాగున్నాం' అనడం కంటే ఇదే నయం. టాబ్ మీద వేలితో రాస్తున్నాను, తప్పులుంటే దిద్దుకుని చదువు. ఈ ఉత్తరం సంగతి మనీష్‌కి తెలియదు. నువ్వు చెప్పకు.

వాడు ఒక రష్యా పిల్లను చేసుకుంటానంటున్నాడు. పేరు వేరా, ముప్ఫై రెండేళ్ళు. ఎక్కడ దొరికిందిరా అని కసురుదామంటే, తెచ్చిపెట్టుకున్నది నేనే. కిందటేడు నా కుడి భుజం పట్టేసి, జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవక, క్లినిక్‌లో ఫిజియోథెరపీకి వెళ్ళాను కదా. అక్కడ నా చెయ్యి పట్టుకుని కదిలించిన పిల్లే ఈ వేరా. నన్ను దింపడానికి వచ్చే వీడు లోపలికొచ్చి కూర్చోవడం ఎప్పుడు మొదలుపెట్టాడో నేను గమనించనేలేదు. 'ఎంత ఓపికో ఈ పిల్లకి, ఏ ఇంటికి వెళ్తుందో గాని వాళ్ళు అదృష్టవంతులు' అని మీ బావతో నేనే అన్నాను. ఇప్పుడాయన ఆ మాట నాకే అప్పజెబుతున్నారు.

నా మాట లేకుండా చేసుకోనని వాడు చెప్పాడు. అలాగని ఇంకెవరినీ చేసుకోనని కూడా చెప్పాడు. అంటే ముడి మొత్తం నా చేతిలో పెట్టి వాడు హాయిగా డ్యూటీకి వెళ్ళొస్తున్నాడు.

నువ్వు నీనా వదినను చేసుకున్నవాడివి, వాడి పక్షమే ఉంటావని తెలుసు. అయినా ఆ దేశంలో నాకు ఇంకెవరున్నారు? మన వైపు సంబంధమైతే వాకబు చెయ్యమా? తాత ఎవరు, ముత్తాత ఎవరు, ఇంట్లో ఏమైనా మచ్చలున్నాయా, ఊళ్ళో ఏమనుకుంటారు, ఇవన్నీ అడగమా? రష్యా పిల్లకైతే ఎందుకు అడక్కూడదు? వాళ్ళ నాయనమ్మ ఇంకా ఊళ్ళోనే ఉందట, మీ పెన్జా వైపేనట. 'మాది ఒసీనొవ్కా రయోన్' అంది. నువ్వు ఒకసారి వెళ్ళి చూసి, ఉన్నది ఉన్నట్టు రాయి. బాగుందని రాయడానికి మాత్రం వెళ్ళకు.

నీ చెల్లెలు
కమల


పెన్జా
జనవరి 26

చిరంజీవి కమలకు అన్నయ్య దీవెనలు.

నీ ఉత్తరం నీనాకు అర్థం చెప్పి వినిపించాను. చాలాసేపు నవ్వింది. 'మీ అమ్మ కూడా నా గురించి ఇలా ఎవరినైనా పంపిందా?' అని అడిగింది. పంపడానికి అప్పుడు మాకు ఈ దేశంలో ఎవరూ లేరని చెప్పాను. నలభై ఏళ్ళ తర్వాత ఆ లోటు నువ్వు తీరుస్తున్నావు.

వెళ్తాను. ఇప్పుడు మాత్రం కాదు. మంచు కిటికీల దాకా పేరుకుంది, ఆ వైపు బస్సు వారానికి ఒకసారి కూడా సరిగ్గా నడవదు. మార్చి రానీ.

ఈలోపు ఒక సంగతి. రయోన్ అంటే మన పాత తాలూకా అనుకో. ఒసీనొవ్కా అనే ఊరు ఉంది గాని, ఒసీనొవ్కా తాలూకా ఇప్పుడు లేదు. 1928లో పెట్టి, 1963లో తీసేసి పక్క తాలూకాలో కలిపేశారు. పిల్లకు ముప్ఫై రెండేళ్ళంటున్నావు. ఆ పిల్ల కాదు, వాళ్ళ నాన్న పలక పట్టే నాటికే ఆ తాలూకా లేదు. మరి అలా ఎందుకు చెప్పిందో అడిగి రాస్తాను. తొందరపడి ఏమీ అనుకోకు. అనుకుంటావని తెలుసు, అయినా రాస్తున్నాను.

భుజం ఎలా ఉంది?

అన్నయ్య
సదాశివం


దోహా, ఉమ్ ఘువైలినా
ఫిబ్రవరి 9

అన్నయ్యకు,

చూశావా మరి? అడిగిన మొదటి ప్రశ్నకే లేని తాలూకా చెప్పిన పిల్ల! మీ బావ ఫోనులో మ్యాపు తెరిచి పెద్దదిగా చేసి చూశారు. ఒసీనొవ్కా అని ఒక చుక్క ఉంది, దాని చుట్టూ ఏమీ లేదు. 'పేరేదైతేనేం, పిల్ల ఉంది కదా' అంటారు ఆయన. ముప్ఫై ఏళ్ళు కంపెనీ లెక్కలు చూసిన మనిషి ఇంటి సంగతికొచ్చేసరికి ఏ లెక్కా అడగరు.

మొన్న శుక్రవారం ఆ పిల్లను ఇంటికి పిలిచాను. మనీష్ స్నేహితులతో ఏషియన్ టౌన్‌కి క్రికెట్ ఆడటానికి వెళ్ళాడు, వాడు లేని సమయం చూసే పిలిచాను. టీ ఇచ్చాను, జంతికలు పెట్టాను. ఏవో మామూలు మాటలు మాట్లాడుకున్నాం. చెప్పులు బయట విడిచి, కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చింది. ఎవరు నేర్పారో తెలియదు. నేను కెటిల్ ఎడం చేత్తో ఎత్తడం చూసి 'మళ్ళీ నొప్పా?' అని అడిగింది. లేదన్నాను.

భుజం గురించి అడిగావు కదా, మళ్ళీ పట్టేసింది. ఆ క్లినిక్‌కి వెళ్ళలేను, వేరే క్లినిక్‌కి వెళ్ళబుద్ధి కాదు. మార్చి వచ్చేస్తోంది. నువ్వు బయల్దేరే సంగతి చూడు.

కమల


ఒసీనొవ్కా
మార్చి 22

చిరంజీవి కమలకు,

వచ్చాను. వేరా నాయనమ్మ అంతొనీన వసీల్యెవ్న గారింట్లోనే కూర్చుని రాస్తున్నాను. తొంభై ఒకటి దాటిందిట. నాకంటే చురుగ్గా ఉంది, చెవులు మరీ చురుకు. పక్కింటి గేటు చప్పుడైతే ఎవరు వచ్చారో చెప్పేస్తుంది. నాకు మాత్రం చెవి దగ్గరికొచ్చి అరిచి చెబుతుంది. నన్ను డాక్టరుగారూ అని పిలుస్తూ బంగాళదుంపల కూర మీద కూర పెడుతోంది. రిటైరయ్యానని చెప్పినా తన మోకాలు చూపించింది.

వాకబు చెయ్యమన్నావు కాబట్టి ఊరంతా తిరిగాను. మధ్యలో రెండంతస్తుల ఎర్ర ఇటుకల కట్టడం ఉంది. అదే ఒకప్పటి తాలూకా ఆఫీసు. దాని చుట్టూ పోలీసు ఠాణా, పోస్టాఫీసు, ఆసుపత్రి, వారానికోసారి సంత, సినిమా హాలు, అన్నీ ఉండేవట. 63లో తాలూకా తీసేశాక ముందు ఆఫీసర్లు పోయారు, తర్వాత ఆసుపత్రి, తర్వాత సంత. ఆఫీసు కొన్నాళ్ళు బడిపిల్లల హాస్టలయింది, తర్వాత ధాన్యం కొట్టు, తర్వాత దుకాణం. ఇప్పుడు తాళం. గుమ్మం పైన అక్షరాలు సుత్తితో కొట్టేశారు గాని, ఎండ పడ్డప్పుడు వాటి జాడ తెలుస్తూనే ఉంటుంది. చుట్టుపక్కల పల్లెల్లో చాలావాటికి ఇక భవిష్యత్తు లేదని డెబ్భైల్లో కాగితం మీద తేల్చేసి, ముందు బడి, తర్వాత కొట్టు మూసేస్తూ వచ్చారు. కిందటేడు ఊరి పంచాయతీ కూడా రద్దయింది. ఇంత జరిగినా ఊళ్ళో ఎవరిని కదిపినా 'మాది ఒసీనొవ్కా రయోన్' అనే అంటారు. వేరా అబద్ధం చెప్పలేదు. ఇంట్లో విన్నది చెప్పింది.

నాకు నాన్న గుర్తొచ్చాడు. ఎనభై అయిదులో తాలూకాలు పోయి మండలాలు వచ్చినా, పోయేదాకా కవరు మీద 'రామచంద్రపురం తాలూకా' అనే రాసేవాడు కదా. ఉత్తరం రాదు నాన్నా అని నువ్వు పోట్లాడేదానివి. ఉత్తరాలు వచ్చేవి.

ఇంక నీ సంగతి. 'మామూలు మాటలు' అని రాశావు. నేను ఇంటికి వచ్చి కూర్చోగానే ఈవిడ అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? 'ముత్తాత దాకా పేర్లు తెస్తేనే పెళ్ళని మీ చెల్లెలు మా పిల్లతో అన్నదట, మీ దేశంలో అంతేనా?' అని. కన్యాదానంలో మూడు తరాల పేర్లు చెబుతారు, అందుకని అడిగి ఉంటుందని సర్దాను. అందుకు అడగలేదని నాకు తెలుసు, నీకూ తెలుసు. రష్యావాళ్ళకు ముత్తాత పేరు ఎక్కడ తెలుస్తుంది, దాంతో కథ ముగుస్తుందనుకున్నావు. కమలా, వీళ్ళ పేరులోనే తండ్రి పేరు ఉంటుందే. వేరా అంద్రేయెవ్న, అంటే అంద్రేయ్ కూతురు. ఆయన అంద్రేయ్ నికొలాయెవిచ్. ఆ నికొలాయ్ ఈవిడ భర్త, నికొలాయ్ ఇవానొవిచ్. మూడు తరాలూ వచ్చేశాయి, చూసుకో. వీళ్ళింట్లో తాగుబోతులు లేరు, అప్పులు లేవు, ఊళ్ళో మంచి పేరు ఉంది.

ఒకటి మాత్రం ఉంది. అది ఏమిటో నాకింకా పూర్తిగా తెలియదు. తెలిశాక రాస్తాను.

అన్నయ్య


దోహా, ఉమ్ ఘువైలినా
ఏప్రిల్ 4

అన్నయ్యకు,

అవును, అన్నాను. నువ్వు అంత దూరం నుంచి నన్ను నిలబెట్టి అడిగినట్టు రాశావు కాబట్టి నేనూ సూటిగానే రాస్తాను. నాకు భయం. నువ్వు వెళ్ళిన దేశం నిన్ను తిరిగి ఇవ్వలేదు. వీడినీ అదే దేశం తీసుకుపోతుందేమోనని భయం. అది నోటితో చెప్పలేక ముత్తాత పేరు అడిగాను. చాలా?

రంజాన్ నెలంతా ఆ పిల్ల క్లినిక్ రాత్రిళ్ళు నడిచింది. పండగ సెలవుల్లో మళ్ళీ ఇంటికి వచ్చింది, నేను పిలవకుండానే. వచ్చి, బడిపిల్ల పద్యం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకుని నిలబడి, 'అంద్రేయ్, నికొలాయ్, ఇవాన్' అని చెప్పింది. మనీష్ నేర్పిన తెలుగులో 'అత్తయ్యగారూ' అని కూడా కలిపింది. నేను ఓడిపోయాననే అనుకున్నాను. అప్పుడు తనే అంది, 'చివరి పేరు దగ్గర నాయనమ్మ ఆగిపోతోంది. ఏదో ఉంది, నాకు చెప్పడం లేదు. సరైనదో కాదో తెలియని పేరు మీ పూజలో చెప్పించలేను' అని. ఎవరైనా అలా తమ లోటు తామే చెప్పుకుంటారా? నేనైతే చెప్పేదాన్ని కాదు. వెళ్ళేముందు నా వెనక నిలబడి, అడక్కుండానే భుజం ఒకసారి నొక్కి వెళ్ళింది.

ఇప్పుడు నాకు పట్టుదల వచ్చింది అన్నయ్యా. ఏదో మచ్చ ఉంది, నువ్వు కూడా దాస్తున్నావు. అది నాకు తెలియాలి. తెలిసేదాకా నేను ఔననను. మనీష్ నాతో మాట్లాడటం తగ్గించాడు. అన్నం తిని పళ్ళెం కడిగి పెట్టేసి తన గదిలోకి వెళ్ళిపోతాడు. వాడు పళ్ళెం కడగడం నాకెంత కష్టంగా ఉందో నీకు తెలియదు.

కమల


ఒసీనొవ్కా
ఏప్రిల్ 30

కమలా,

నిన్న ఇక్కడ రాదొనిత్స. ఈస్టరు తర్వాత చనిపోయినవాళ్ళను చూడటానికి వెళ్ళే రోజు. మన పెద్దల అమావాస్య లాంటిదే, కాకపోతే వీళ్ళు శ్మశానంలోనే కూర్చుని తింటారు. వస్తే చెబుతానని అంతొనీన గారు కబురు పెట్టింది. అందుకని మళ్ళీ వచ్చాను.

రద్దయిన పల్లెలన్నిటి నుంచీ మనుషులు వచ్చారు. ఎక్కడెక్కడి పట్టణాల నుంచో కార్లలో వచ్చారు. పల్లెలు పోయినా వాటి సమాధులు ఉన్నాయి కదా. ప్రతివాళ్ళూ ఎర్రరంగు వేసిన గుడ్లు, అట్లు సమాధుల మీద పెట్టారు. అంతొనీన గారు భర్త నికొలాయ్ దగ్గర ఒక గుడ్డు పెట్టింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని కంచె దాటి బయటికి నడిచింది. అక్కడ సమాధి లేదు, శిలువ లేదు, గడ్డి ఉంది. గడ్డిలో అప్పటికే చాలా గుడ్లు ఉన్నాయి. ఎవరూ ఎవరివైపూ చూడకుండా వచ్చి, పెట్టి, వెళ్ళిపోతున్నారు. ఆవిడ కూడా ఒకటి పెట్టి, పెదాలు కదిపింది. నాకేం వినపడుతుంది? వినపడలేదని సైగ చేశాను. అప్పుడు నా చెవిలో చెప్పింది. స్తెపాన్ అని.

1930 ఫిబ్రవరి. తాలూకా పెట్టి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు. ఊళ్ళ భూములన్నీ సర్కారు ఉమ్మడి చేస్తున్న రోజులు. కాస్త భూమీ రెండు గుర్రాలూ ఉన్నవాళ్ళను శత్రువులని చెప్పి, ఎంతమందిని ఉత్తరాది అడవులకు పంపాలో పైనుంచి లెక్క వచ్చింది. ఆ ఇటుకల ఆఫీసులో కూర్చోబెట్టి, మర్నాడు మంచుబళ్ళ మీద రైలు దగ్గరికి తోలారు. స్తెపాన్, అతని భార్య అందులో ఉన్నారు. రెండేళ్ళ కొడుకు జ్వరంతో కాలిపోతున్నాడు. పక్కింటి ప్రస్కోవ్య అనే ఆవిడ, అంతకు ముందు ఏడాదే మొగుడు పోయిన మనిషి, పిల్లవాణ్ణి శాలువలో చుట్టి తన పొయ్యి వెనక పడుకోబెట్టింది. ఎవరు అడిగినా నా కొడుకే అంది. పోయిన మొగుడు ఇవాన్ పేరు వాడి పేరు వెనక తగిలించింది. ఆ పిల్లవాడే నికొలాయ్ ఇవానొవిచ్. బళ్ళ మీద వెళ్ళినవాళ్ళ సంగతి మళ్ళీ తెలియలేదు.

పెళ్ళయిన రోజున నికొలాయ్ ఈవిడకు ఈ సంగతి చెప్పాడట. కొడుక్కి ఆవిడ చెప్పలేదు, బడిలో నోరు జారతాడని భయం. ఆ భయం తీరే కాలం వచ్చేసరికి చెప్పే అలవాటు పోయింది. 'తాలూకా పోయి అరవై ఏళ్ళయింది, ఇంకా ఆ పేరే ఎందుకు చెప్పుకుంటారు?' అని అడిగాను. నన్ను వింతగా చూసింది.

"వాళ్ళలో ఎవరైనా తిరిగొస్తే దారిలో ఏమని అడుగుతారు డాక్టరుగారూ? వాళ్ళకు తెలిసిన పేరు అదే కదా."

ఇప్పుడు ఎవరు వస్తారని నేను అడగలేదు. ఇంకొక మాట కూడా అంది. అది రాయాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను. ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

"నికొలాయ్ తండ్రి ఎవరని అడిగినవాళ్ళందరూ మాకు చెరుపు చెయ్యడానికే అడిగారు. మంచిపని కోసం అడిగింది మీ చెల్లెలొక్కతే. అందుకే చెబుతున్నాను."

మచ్చ ఏమిటో తెలియాలన్నావు. ఇదే. ఇక నీ ఇష్టం.

అన్నయ్య


దోహా, ఉమ్ ఘువైలినా
మే 12

అన్నయ్యకు,

నీ ఉత్తరం రెండు రోజుల పాటు మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ ముసలావిడ నన్ను అంత మంచిదాన్ని అనుకుంది. నేను అడిగింది కూడా చెరుపు కోసమేగా. అది ఆవిడకు తెలియకపోవడం నన్ను తినేసింది.

మూడో రోజు ఎవరికీ చెప్పకుండా టాక్సీలో క్లినిక్‌కి వెళ్ళాను. వేరా నన్ను చూసి లేచి నిలబడింది. నేను బల్ల మీద కూర్చుని కుడి చెయ్యి ముందుకు చాపాను. తను పట్టుకుని మెల్లగా కదపడం మొదలుపెట్టింది. అప్పుడు చెప్పాను, స్తెపాన్ సంగతి, ప్రస్కోవ్య సంగతి, గుడ్ల సంగతి, నాకు వచ్చిన ఇంగ్లీషులో. నాయనమ్మ నోటితో వినాల్సింది నా నోటితో వినాల్సి వచ్చిందే అని నాకు కష్టంగా ఉంది. తను చెయ్యి వదల్లేదు. ఏడుస్తూనే కదిపింది. నేను దేనికి ఆ పేర్లు అడిగానో అది కూడా చెప్పేశాను. 'నాకు తెలుసు' అంది. తెలిసీ ఇన్నాళ్ళు పేర్లు వెతికింది పిచ్చిపిల్ల.

పెళ్ళి జూన్ ఎనిమిది, ఆదివారం. బక్రీద్ సెలవులు కలిసొస్తాయి. రిజిస్ట్రేషన్ వాళ్ళిద్దరూ జార్జియా వెళ్ళి చేసుకొస్తారు, ఇక్కడందరూ అంతే. మన పద్ధతి ప్రకారం మా హాల్లోనే తాళి కట్టిస్తాం. వేరా అమ్మానాన్నలు వస్తున్నారు. నాయనమ్మ విమానం ఎక్కలేనందట. నువ్వు ఆవిడ దగ్గరికి వెళ్ళి ఫోనులో వీడియో పెట్టుకుని ఇద్దరూ చూడండి.

పౌరోహిత్యానికి సాయిబాబు గారు. కరీంనగర్ ఆయన, వారమంతా కంపెనీ స్టోర్స్‌లో డ్యూటీ, సెలవు రోజుల్లో పెళ్ళిళ్ళు. గోత్రం లేనివాళ్ళకు కాశ్యపస చెబుతామన్నారు. ముత్తాత పేరు దగ్గర ఇవానా, స్తెపానా అని నేనే అడిగాను. 'దత్తత పోయినోనికి పెంచిన తండ్రి పేరే చెప్తరమ్మా, శాస్త్రం గట్లనే ఉంది. నువ్వేమంటవ్?' అన్నారు. శాస్త్రం తెలిసిందే కదా. ఇవాన్ పేరు తొంభై ఏళ్ళుగా అందరూ అన్నారు, ఆయనకు లోటు లేదు, ప్రస్కోవ్యకు నేను దీపం పెడతాను. స్తెపాన్ పేరు చెప్పండి అన్నాను. ఆయన 'తప్పేం లేదు తియ్' అన్నారు.

మనీష్‌కి నిన్న పప్పుచారు నేనే వడ్డించాను. చెయ్యి కొంచెం లేచింది.

కమల


ఒసీనొవ్కా
జూన్ 9

చిరంజీవి కమలకు,

పెళ్ళి మీరు అక్కడ చేశారు, ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియాలి కదా. అందుకే పెన్జా వెళ్ళకుండా ఇక్కడి నుంచే రాస్తున్నాను.

నిన్న వీళ్ళకు త్రోయిత్స పండగ. ఇంటింటా గుమ్మాలకు, కిటికీలకు పచ్చటి బిర్చ్ చెట్టు కొమ్మలు కడతారు, నేలంతా గడ్డి పరుస్తారు. మామిడి తోరణాలు లేవన్న కొరత నాకు తోచలేదు. అంతొనీన గారు కొత్త రుమాలు తలకు కట్టుకుని పొద్దున్నే ఫోను ముందు కూర్చుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూడా వచ్చారు. పంచె కట్టుకున్న పెళ్ళికొడుకును చూసి అందరూ నవ్వారు. నీ పక్కన నిలబడ్డ వేరాను చూసి ఎవరూ నవ్వలేదు. చీర బాగా కట్టావు.

నాకు అక్కడి మాట ఒక్కటీ వినపడదని నీకు తెలుసు. నేను ఈవిడ ముఖమే చూస్తూ కూర్చున్నాను. సాయిబాబు గారి పెదాలు కదులుతున్నాయి. మూడు తరాల పేర్లు మూడుసార్లు చెబుతారని ముందే చెప్పి ఉంచాను. మొదటిసారి చెప్పినప్పుడు ఈవిడ గబుక్కున కిటికీ వైపు చూసింది, బయట ఎవరైనా ఉన్నారేమోనని. రెండోసారి చూడలేదు. మూడోసారి అయ్యాక నా భుజం మీద తట్టి, నా చెవిలో ఒక మాట చెప్పింది. అదే నేను ఫోనులో మీకు చెప్పాను. నేను అరిచాననుకుంటాను, మీరంతా ఉలిక్కిపడి తెర వైపు చూశారు.

"ఇంకొంచెం గట్టిగా చెప్పమను."

మీ వాళ్ళు ఆవిడకు వినపడలేదనుకుని ఉంటారు. ఫోను దగ్గరగా పట్టుకోమని మనీష్ సైగ చేస్తున్నాడు కూడా. సాయిబాబు గారు మంచి మనిషి, పద్ధతిలో లేకపోయినా నాలుగోసారి చెప్పారు. ఈసారి ఆయన మెడ నరాలు ఉబ్బడం నాకు కనిపించింది. ఇక్కడ పొరుగు ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

కమలా, ఆవిడకు చెవులు శుభ్రంగా వినపడతాయి. ఈ ఊరి నుంచి రాసిన మొదటి ఉత్తరంలోనే చెప్పాను.

సాయంత్రం నన్ను తోడు తీసుకుని మళ్ళీ శ్మశానానికి వెళ్ళింది. కంచె బయటికి పోలేదు. నికొలాయ్ సమాధి దగ్గర కూర్చుని, రెండు గుడ్లు పక్కపక్కనే పెట్టింది.

అన్నయ్య